ఖాళీ అని రాసిన ఇల్లు

ఆవిడ ఆ ఇంట్లో ఉండడం లేదని మునిసిపాలిటీ రాసింది. ఆ ఇంటి గోడే మీద పడి ఆవిడ చచ్చిపోయింది. రాసినవాళ్ళు అబద్ధం రాశారు. ఇందులో తేల్చవలసిందేమీ లేదు. ఎవరు రాశారన్నదొక్కటే మిగిలింది. దానికి మధ్యాహ్నం మూడు గంటల దాకా గడువుంది.

మూడింటికి కమిషనరు ముందు విచారణ. అది కాగానే ఫైలు మూసేస్తారు. మూసిన ఫైలు ప్రకారం, కుర్చీలకు కేను అల్లుకుని బతికిన అరవై రెండేళ్ళ మనిషి, జూలై ఇరవై ఎనిమిదిన ఉదయం ఆరూ పదికి, ఎవరూ కాపురం లేని ఇంట్లోకి చొరబడి ప్రాణం పోగొట్టుకుంది. ఆవిడ కూతురికి వేరే ఇల్లు రాదు. పక్క స్థలంలో పద్దెనిమిది అడుగుల లోతున సెల్లారు తవ్వడానికి అనుమతి ఇచ్చినవాళ్ళను ఎవరూ ఏమీ అడగరు. పక్కన మనుషులున్న ఇల్లుంటే ముందుగా వాళ్ళకు నోటీసివ్వాలి, గోడకు దన్నులు పెట్టించాలి. ఖాళీ ఇల్లయితే రెండూ అక్కర్లేదు. నోటీసూ ఇవ్వలేదు, దన్నులూ పెట్టలేదు.

కూతురి తరపున ఆరా తీస్తున్నవాణ్ణి ఆఫీసులో టేపాయన అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఇంటిపన్ను సెక్షనులో ఇళ్ళు కొలిచాడు. చివరి తొమ్మిదేళ్ళు ఆ సెక్షనుకు పెద్ద. రిటైరై ఏడేళ్ళయింది. ఇప్పుడు ఇళ్ళ కొలతల్లో అన్యాయం జరిగిందన్నవాళ్ళ తరపున నిజం తవ్వి పెడుతుంటాడు. తన హయాములో ఇలాంటిది జరగలేదని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇంతవరకు ఎవరూ టేపు పెట్టి చూడలేదు.

తొమ్మిదీ నలభైకి అతను పన్ను సెక్షనులో అసెసరు ఎదురుగా కూర్చున్నాడు. ఏ ఇల్లు ఎంత, అందులో ఎవరున్నారు అని చూసి రాయడం అసెసరు పని. ఈ అసెసరుకు టేపు పట్టుకోవడం నేర్పింది టేపాయనే.

బల్ల మీద తనిఖీ కాగితం నకలు పెట్టాడు. పైన అచ్చువేసిన నంబరు 4417. 'మే 12, ఉదయం 10-40. ఇల్లు తాళం వేసి ఉన్నది. లోపల సామాను లేదు. ఇరుగుపొరుగును విచారించగా నివాసం లేదని తెలిసినది. బయటి కొలత 26 × 14. ఖాళీ.' కింద సంతకం.

"సంతకం ఎవరిది?"

"నాదే గురువుగారూ."

"రాత?"

అసెసరు కాగితం వంక చూడలేదు. "అదీ నాదే అనుకోండి."

"అనుకోవడానికి నేను రాలేదు. తాళం వేసుంటే లోపల సామాను లేదని నీకెలా తెలిసింది?"

"కిటికీలోంచి చూసుంటాను."

"కిటికీ ఎటువైపుంది?"

అసెసరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"సరే, అది వదిలెయ్. ఇరుగుపొరుగులో ఎవర్ని అడిగావు? ఎదురుగా ఏముంది, కొట్టా, ఇల్లా?"

"మేలో సంగతి. రోజుకు పన్నెండిళ్ళు చూస్తాం. ఎక్కడ గుర్తుంటుంది?"

"చూసినవాడికి గుర్తుంటుంది. ఎంతకు అమ్ముడుపోయావు?"

పక్క బల్ల గుమాస్తా టైపు కొట్టడం ఆపాడు. అసెసరు ముఖం ఎర్రబడింది, తర్వాత మామూలైంది.

"మీరు నన్ను ఆ మాట అనకూడదండీ. ఇంకెవరన్నా పడతాను."

"అన్నాను."

"అన్నారు కదా, అయిపోయింది. మూడింటికి సంతకం నాదేనని చెబుతాను. సస్పెండు చేస్తారు, చేయనివ్వండి. మీరు మాత్రం ఈ కాగితం వెంట పడకండి. ఇంటికెళ్ళి భోంచేసి నడుం వాల్చండి గురువుగారూ, మీకు దణ్ణం పెడతాను."

"దణ్ణాలు కమిషనరుకు పెట్టుకో," అని టేపాయన లేచాడు.

మెట్లు దిగుతూ తనలో తాను లెక్క తేల్చేసుకున్నాడు. అడగ్గానే సంతకం ఒప్పుకున్నాడు, కిటికీ ఎక్కడుందో చెప్పలేకపోయాడు. అంటే ఇంటి ముఖం చూడలేదు. చూడకుండా రాశాడంటే ఎవరో రాయించారు. ఊరికే రాసే రకం కాదు. మనిషి చెడిపోయాడు. టేపాయన దగ్గర ఇలాంటి తీర్పులకు అప్పీలు ఉండేది కాదు.

పదీ యాభైకి ఆ ఇంటి దగ్గరకు చేరాడు. కూతురు అప్పటికే వచ్చి ఉంది. సిటీ బస్సులో కండక్టరు. మధ్యాహ్నం షిఫ్టుకు సెలవు పెట్టినా ఖాకీ చొక్కా మీదే వచ్చింది, భుజాన టిక్కెట్ల సంచీ ఉంది.

"వచ్చారా బాబాయ్ గారూ? లోపలికి రండి అందామంటే లోపల ఎక్కడో, బయట ఎక్కడో తెలియడం లేదు."

ఆమె చెప్పింది నిజమే. ఇంటికి మూడు గోడలున్నాయి. నాలుగోదానికి బదులు గొయ్యి. అడుగున పచ్చటి నీళ్ళు, నీళ్ళలోంచి పైకి లేచిన ఇనుప కమ్మీలు. ఇటువైపు గచ్చు మీద సగం అల్లిన రెండు కుర్చీలు బోర్లా పడి ఉన్నాయి. నానబెట్టిన కేను ఎండి బకెట్టు అంచుకు అతుక్కుపోయింది.

"ఆ రోజు నువ్వెన్నింటికి బయల్దేరావు?"

"నాలుగూ నలభై ఐదుకి. మొదటి బస్సు నాది. అమ్మ లేచి గడియ వేసుకుంది. 'చిల్లర పోగొట్టుకోకు' అంది. అంతే."

ఓదార్చడం టేపాయనకు చేతకాదు. టేపు తీశాడు. "ఆ కొస పట్టుకో. బిగించి పట్టుకో, కానీ లాగకు."

వీధి వైపు పద్నాలుగడుగులు. వీధి గోడ నుంచి వెనక గోడ దాకా ఇరవై ఆరు. కాగితంలో ఉన్న అంకెలే. కూతురి ముఖం వాడిపోయింది.

"అయితే వాళ్ళు సరిగ్గానే కొలిచారా?"

"ఈ ఇల్లు ఇవాళ ఎంతుందో అంతే రాశారు. మేలో ఎంతుందో చూద్దాం."

అతను వీధి గోడకు దగ్గరగా వెళ్ళాడు. ఏడడుగుల ఎత్తున వరసగా నాలుగు రంధ్రాలు. వాటి కింద గోడకు వేసిన రంగు తాజాగా ఉంది, పక్కన ఎండకు వెలిసిపోయింది. గుమ్మం ముందు ఐదడుగుల మేర సిమెంటు గచ్చు. దాని చివర రెండు గుంటలు, ఒక దాంట్లో విరిగిన గొట్టం మొదలు.

"ఇక్కడ రేకుల పంచ ఉండేది."

"అమ్మ అందులోనే కూర్చుని అల్లేది. మునిసిపాలిటీ బండి వచ్చి పీక్కుపోయింది."

"ఎప్పుడు?"

జవాబు ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి దగ్గర్నుంచి వచ్చింది. అక్కడి మనిషి ఇందాకటి నుంచి చెవి ఇటే పెట్టాడు. "జూలై తొమ్మిదండీ. రోడ్డు మీదికొచ్చిందని పీకేశారు. అక్క వాళ్ళతో గంటసేపు పోట్లాడింది. నా బండి కూడా జరపమన్నారు. జరిపాను. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ జరిపాను."

"మేలో మిమ్మల్ని ఎవరన్నా వచ్చి అడిగారా, ఈ ఇంట్లో ఎవరన్నా ఉంటున్నారా అని?"

"అడిగితే నవ్వేవాణ్ణండీ. పొద్దున్నే లేచి నా బొగ్గుల పొగ మీద ఆవిడ తిట్టిన తిట్లకు లెక్కలేదు. ఖాళీ ఇళ్ళు తిడతాయా?"

"తేదీ అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు?"

"అమ్మడి దగ్గర చీటీ ఉంది చూడండి."

కూతురు టిక్కెట్ల సంచీ జిప్పు తీసి, లోపలి అరలోంచి మడత పెట్టిన చీటీ ఇచ్చింది. మునిసిపాలిటీ జప్తు చీటీ. 'జూలై 9, ఉదయం 11-15. ఇంటి ముందు పంచ రేకులు నాలుగు, పొడవు ఐదడుగులు.' కింద ముద్ర.

"రేకులు తిరిగిస్తారేమోనని దాచింది బాబాయ్ గారూ. అమ్మకు ఆశ ఎక్కువ."

టేపాయన చీటీని తనిఖీ కాగితం పక్కన పెట్టి చూశాడు. అతని పెదవులు కొంచెం బిగిశాయి. సంతోషం వచ్చినా అతని ముఖంలో అంతకన్నా మార్పు ఉండదు.

"విను. మేలో ఈ ఇంటికి పంచ ఉంది. అప్పుడు కొలిస్తే లోతు ముప్పై ఒకటి రావాలి. పన్ను సెక్షను వాడు ఇంకేదన్నా వదులుతాడు గాని రేకు వదలడు. పంచకు కూడా పన్ను వేస్తాం మేము. ఈ కాగితంలో ఇరవై ఆరే ఉంది. అంటే పంచ పోయాక, జూలై తొమ్మిది తర్వాత రాసి, వెనకటి తేదీ వేశారు."

"మేలో టిక్కెట్టు జూలైలో కొట్టారన్నమాట."

"ఊఁ. ఇంకొకటి. మా సెక్షనులో ఎవడైనా వీధి వైపు కొలత ముందు రాస్తాడు. పన్ను వీధిని బట్టి మొదలవుతుంది కాబట్టి కొత్తగా చేరినవాడికి మొదటిరోజే నేర్పుతాం. ఈ ఇల్లు మావాడు రాస్తే పద్నాలుగు ఇంటూ ముప్పై ఒకటి. ఇక్కడ ఇరవై ఆరు ముందుంది. లోతు ముందు రాసేది ప్లాన్లు గీసేవాళ్ళు."

"ప్లానింగు సెక్షనా? గొయ్యికి అనుమతి ఇచ్చిందే వాళ్ళు కదా?"

"జూన్ ఇరవైన ఇచ్చారు. అప్పటికి వాళ్ళ దగ్గర ఈ ఇంటి గురించి ఏ కాగితమూ లేదు. ఎవరూ వచ్చి చూడలేదు. గోడ పడ్డాక, చూశామని చెప్పడానికి కాగితం కావలసి వచ్చింది."

కూతురు గొయ్యి వైపు చూడకుండా అడిగింది. "ఇల్లు ఇస్తే ఇచ్చారు, లేకపోతే లేదు. డిపోలో ఆడవాళ్ళ గది ఉంది, పడుంటాను. కానీ అమ్మ ఇక్కడ ఉండేదని రాయిస్తారా? పంతొమ్మిదేళ్ళు ఈ గుమ్మం కడిగింది. దొంగలాగా దూరిందని రాస్తే ఎలా ఊరుకుంటాను?"

"రాయిస్తాను," అన్నాడు టేపాయన. మాట ఇవ్వడం అతని అలవాటు కాదు.

పన్నెండూ ముప్పై ఐదుకి ఇద్దరూ ప్లానింగు సెక్షనులో ఉన్నారు. ప్లానింగు అధికారి గది నిండా చుట్టచుట్టిన నక్షాలు. ఆయన నలభై ఐదేళ్ళవాడు, నున్నగా దువ్విన తల, మాటకు ముందొక సారు, వెనకొక సారు. ఒకప్పుడు ఇదే ఆఫీసులో నక్షాలు గీసే పనిలో చేరి పైకొచ్చాడు. టేపాయన ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఈయన ఫైళ్ళను రెండేసిసార్లు వెనక్కి కొట్టేవాడు. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"రండి సార్. కూర్చోండి అనను. మీరు కూర్చుంటే లేవరు."

"నిలబడే చెబుతాను," అని టేపాయన చెప్పాడు. పంచ, జప్తు చీటీ, ఇరవై ఆరు ముందు రావడం. నాలుగు నిమిషాలు పట్టింది. ప్లానింగు అధికారి ఎక్కడా అడ్డు రాలేదు. విన్నాక చప్పట్లు కొట్టబోయి, గుమ్మంలో అటెండరును చూసి చేతులు దించుకున్నాడు.

"బాగుంది సార్. అయితే మీ శిష్యుడు తర్వాతెప్పుడో రాసి పాత తేదీ వేశాడంటారు. చాలా తప్పు. మూడింటికి మీరే చెప్పండి. సస్పెండు చేయిద్దాం. మీ చేతులతో తయారైన మనిషి, మీ చేతులతోనే ఇంటికి పంపుదురుగాని."

"రాసింది మీ సెక్షను."

"సంతకం మీ సెక్షను."

"సంతకం ముందు పడింది. రాత తర్వాత పడింది."

"అంటే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి మాకిచ్చాడా? ఎందుకిస్తాడండీ, పిచ్చా?" ప్లానింగు అధికారి కూతురి వైపు తిరిగాడు. "చూడమ్మా, ఈ పెద్దాయన్ని నమ్ముకుని వచ్చావు. మంచిదే. ఆయన కోపం పాతది, నీ పని కొత్తది. రెండూ కలిపితే చెడేది నీ పనే."

"మా బస్సులో కూడా ఇలాగే అంటారండీ," అంది కూతురు. "టిక్కెట్టు ఏదంటే ఊళ్ళో సంగతులన్నీ చెబుతారు, టిక్కెట్టు తప్ప."

అటెండరు దగ్గు వచ్చినట్టు బయటికెళ్ళిపోయాడు.

ప్లానింగు అధికారి నవ్వు ఆగిపోయింది. లేచి తలుపు దగ్గరికి వేశాడు. గొంతు తగ్గింది గాని సారు పోలేదు. "నాలుగు వేల నాలుగువందల పదిహేడో కాగితం మా దగ్గరికి ఎలా వచ్చిందో రుజువు చేయాలంటే ఒకటే దారి సార్. మీ సెక్షనులో ఒక పుస్తకం ఉంది, అది చూపించాలి. చూపించండి. మొదటి పేజీ నుంచి చూపించండి. అది ఎవరి రాతో నాకు గుర్తుంది. మీకు గుర్తు లేదా?"

టేపాయన చీటీనీ కాగితాన్నీ కలిపి మడిచాడు. మడత వంకరగా రావడం కూతురు చూసింది. అతను ఆమెను కింద బెంచీ మీద కూర్చోమని, ఒక్కడే పన్ను సెక్షనుకు నడిచాడు. ఆ నడవా పొడవు నూట పన్నెండడుగులు. ఎప్పుడూ కొలవకుండా నడిచినవాడు కాదు. ఆరోజు అంకె మధ్యలో తప్పింది.

ఒంటిగంటా ఇరవై. గుమాస్తాలంతా భోజనాలకు పోయారు. అసెసరు ఒక్కడే బల్ల దగ్గర డబ్బా మూత తీసుకుని కూర్చున్నాడు, తినడం లేదు.

"పుస్తకం తియ్," అన్నాడు టేపాయన.

"ఏ పుస్తకమండీ?"

"నాతో నాటకాలాడకు."

అసెసరు చెయ్యి తుడుచుకుని, కింది సొరుగు తాళం తీశాడు. పైన రబ్బరు బ్యాండు వేసిన కాగితాల కట్ట ఉంది. తనిఖీ కాగితాలు. ఒక్కదాంట్లోనూ అక్షరం లేదు. అన్నింటికీ కింద సంతకం ఉంది. కట్ట కింద అట్ట ఊడిన పొడుగు నోటుబుక్కు.

"నెలకొకసారి పంపుతాం. వాళ్ళకు అనుమతులు ఆగకూడదు, మాకు తిరగడానికి మనుషులు లేరు. వాళ్ళే నింపుకుంటారు. ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా పంపామో ఇందులో రాసి, తీసుకున్నవాళ్ళ చేత సంతకం పెట్టిస్తాం."

టేపాయన చివరి పేజీలు తిప్పాడు. 'జూలై 3. నం. 4401 నుంచి 4420. ప్లానింగు సెక్షను.' తీసుకున్నవారి సంతకం ప్లానింగు అధికారిదే. మే పన్నెండున నిండిందన్న కాగితం జూలై మూడున ఖాళీగా చేతులు మారింది. ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పొద్దున్న తొమ్మిదీ నలభైకి కూడా ఈ రుజువు ఈ సొరుగులోనే, తన మోకాళ్ళకు మూరెడు దూరంలో ఉంది.

"ఇది చేతిలో పెట్టుకుని సస్పెండు చేయించుకుందామనుకున్నావా?"

టేపాయన పుస్తకం మొదటికి తిప్పాడు.

మొదటి పేజీలో మొదటి వరస. పదకొండేళ్ళ కిందటి తేదీ. 'సంతకం చేసిన ఖాళీ తనిఖీ కాగితాలు వంద. ప్లానింగు సెక్షనుకు.' కుడివైపు వాలిన అక్షరాలు, అడ్డగీత పొడుగ్గా లాగిన అంకెలు. అతని రాత. ఎదురుగా తీసుకున్నవారి సంతకం అప్పట్లో నక్షాలు గీసే కుర్రాడిది, ఇప్పటి ప్లానింగు అధికారిది. ఆ కింద ఇంకో మూడు వరసలు, నెలకొకటి. అన్నీ అతని రాతే. ఐదో వరస నుంచి అసెసరు రాత మొదలైంది.

మర్చిపోయానని అతను ఎప్పుడూ అబద్ధమాడలేదు. దాని గురించి ఆలోచించలేదు, అంతే. నాలుగు నెలలు. ఆస్పత్రిలో లోపలికి వెళ్ళనిచ్చేది మధ్యాహ్నం మూడున్నర నుంచి. ఆఫీసు వదిలేది ఐదింటికి. రోజుకు పన్నెండిళ్ళు కొలవాలి. సెలవు అడిగితే ఇవ్వలేదు. బల్ల మీద కట్ట పెట్టుకుని, వరసగా వంద సంతకాలు పెట్టి, మూడింటికి గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు నెలల తర్వాత ఆస్పత్రికి వెళ్ళే పని లేకపోయింది.

"నేను ఆపమని చెప్పలేదా?" గొంతు అతనికే కొత్తగా ఉంది.

"లేదండీ. అమ్మగారు పోయాక మీరు ఏడాది పాటు ఎవరితోనూ మాట్లాడలేదు. వాళ్ళు వచ్చి కాగితాలేవని అడిగారు. మీరు పెట్టిన పద్ధతే కదా అని నేను పెట్టి పంపాను. అలాగే సాగిపోయింది."

"నాలుగేళ్ళు నా కింద పనిచేశావు ఆ తర్వాత. ఒక్కనాడూ నాకు చెప్పలేదు."

"మీకు తెలుసనుకున్నాను."

గోడ గడియారంలో ఒంటిగంటా నలభై ఎనిమిది. అసెసరు కుర్చీ దగ్గరికి జరుపుకుని, నెమ్మదిగా అన్నాడు. "గురువుగారూ, ఒక్క పేజీ. మీ రాత అంతా ఆ ఒక్క పేజీలోనే ఉంది. దారం పాతబడింది, లాగితే వచ్చేస్తుంది. జూలై పేజీ చూపిద్దాం. ఆ పిల్లకు న్యాయం జరుగుతుంది. నేను పడేది నేను పడతాను. మీ పింఛను, మీ పేరు, ఎక్కడివక్కడ ఉంటాయి."

టేపాయన పేజీ అంచు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. కొంచెంసేపు పట్టుకునే ఉన్నాడు. నిజంగానే దారం వదులుగా ఉంది.

"పేజీ చిరిగిన పుస్తకం విచారణలో చెల్లదు," అన్నాడు చివరికి. "వాడు మొదట అడిగేది అదే. మొదటి పేజీ ఏదని."

"అందుకేనా?"

"అందుకే." పుస్తకం మూశాడు. "పొద్దున్న నిన్నొక మాటన్నాను."

"పర్లేదండీ."

"పర్లేదని నేననలేదు. తప్పు మాట. అది ముందు నీకు చెప్పి తర్వాత పైకి వెళ్ళాలి. చెప్పాను. పద."

విచారణ సరిగ్గా మూడింటికి మొదలై మూడూ ఇరవై ఆరుకు ముగిసింది. కమిషనరు చేతి గడియారాన్ని విప్పి బల్ల మీద ఉంచుకునే మనిషి. ఆమె జప్తు చీటీ చూసింది, కొలతలు విన్నది, పుస్తకం జూలై పేజీ చదివింది. ప్లానింగు అధికారి నీళ్ళు తాగాడు.

"మేడమ్, ఇలా ఖాళీ కాగితాలు ఇవ్వడం వాళ్ళ సెక్షను పద్ధతి," అన్నాడు. "ఎవరు మొదలుపెట్టారో ఈ పెద్దమనిషినే అడగండి."

"ఎవరు?" అంది కమిషనరు.

టేపాయన నిలబడ్డాడు. "నేను. పదకొండేళ్ళ కిందట. నాలుగు నెలల్లో నాలుగు వందల కాగితాల మీద ఇళ్ళు చూడకుండా సంతకం పెట్టాను. మొదటి పేజీ నా రాత. తీసుకున్న సంతకం ఈయనది."

కూతురు అతని వైపు తిరిగి చూసింది. అతను ఎదురుగా గోడనే చూస్తున్నాడు.

"ఎందుకు పెట్టారు?"

"ఆ నాలుగు నెలలు మూడింటికి ఆఫీసు వదిలి వెళ్ళేవాణ్ణి."

"ఎక్కడికి?"

"ఇల్లు ఖాళీయా కాదా అన్నదానికి ఆ సమాధానం అక్కర్లేదు మేడమ్."

కమిషనరు అతన్ని ఒక క్షణం చూసి, కాగితం మీదికి వంగింది. చెబుతూనే రాసింది. 4417 నంబరు కాగితం రద్దు. ఆ ఇంట్లో పంతొమ్మిదేళ్ళుగా నివాసం ఉన్నట్టు పన్ను పుస్తకంలో నమోదు చేయాలి. మరణించిన వ్యక్తి ఆ ఇంటి నివాసి. కూతురికి వేరే ఇల్లు ఇచ్చే పని నెలలోపల పూర్తి కావాలి. సెల్లారు అనుమతి ఫైలు పోలీసులకు పంపాలి, ప్లానింగు అధికారి తన గదికి తిరిగి వెళ్ళకూడదు, అసెసరు విధులకు దూరంగా ఉండాలి. చివరి వరస రాసేముందు ఆమె ఆగింది.

"ఈ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉన్న ప్రతి ఇంటినీ మళ్ళీ కొలవాలి. మొదటి నాలుగు వందలతో మొదలుపెట్టండి."

నడవాలో ప్లానింగు అధికారి టేపాయన పక్కకు వచ్చాడు. కాలరు గుండీ విప్పుకుని ఉన్నాడు. ఇప్పుడు సారు పోయింది.

"గెలిచాననుకుంటున్నావా? నీ నాలుగు వందల్లో నూట అరవై ఇళ్ళు ఖాళీ అని రాసుకున్నాం. వాటి పక్కన ఎన్ని గోతులు తవ్వారో నాకు తెలుసు, నీకు తెలియదు. ఎన్ని గోడలు నిలబడ్డాయో రేపటి నుంచి వాళ్ళు నీకు లెక్క చెబుతారు. ఒక్కటి పడి ఉన్నా, కింద ఎవరున్నా, ఆ కాగితం కింద ఉండేది నా పేరు కాదు."

జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. టేపాయన కదల్లేదు. నూట అరవై అన్న అంకె చెవిలో ఉండిపోయింది. ఆ ఇళ్ళు ఏ వీధుల్లో ఉన్నాయో అతనికి తెలియదు. చూడలేదు కాబట్టి.

కూతురు ఉత్తర్వు నకలు పట్టుకుని వచ్చింది. తడి ఆరని ముద్రను ఊదుతోంది. 'నివాసి' అన్న మాట మీద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. తర్వాత కాగితం దించి అతని ముఖంలోకి చూసింది.

"బాబాయ్ గారూ, ఆ పుస్తకంలో మొదటి పేజీ చించేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదట కదా. అసెసరు గారు చెప్పారు."

"అతనికి నోరెక్కువైంది."

"మూడింటికి ఆస్పత్రికి వెళ్ళేవారట. పిన్నిగారికి ఏమైంది?"

టేపాయన టేపు సంచీలో పెట్టి జిప్పు లాగాడు.

"నీ కాగితం నీకొచ్చింది. ఇంటి తాళాలిచ్చే రోజు నన్ను పిలు, గదులు కొలిచి పెడతాను. ఇప్పుడడిగిన మాట మాత్రం ఇంకెప్పుడూ అడక్కు. పోలీసులడిగినా, కోర్టులో అడిగినా, నువ్వడిగినా చెప్పను. చచ్చేదాకా చెప్పను."